నడుస్తూ తాగవలసిన నీళ్ళు

మా ఊరి ఊటనీళ్ళు మందునీళ్ళు, నిలబడి తాగకూడదు. గ్లాసు పట్టుకుని, స్తంభాల వరస పొడుగునా మెల్లగా నడుస్తూ, గుక్కగుక్కగా మింగాలి. అప్పుడే కడుపుకి పడతాయి. ఇది తెలియనివాళ్ళు ఇక్కడ లేరు. కానీ నా స్నేహితురాలు ఇర్మ్‌ట్రౌట్ పట్టుకున్నంత మొండిగా ఈ పద్ధతిని ఇంకెవరూ పట్టుకోలేదు, మొద్దుముఖం!

తను నీళ్ళ మంటపంలో గ్లాసులు నింపి ఇచ్చేది. నేను పక్కనే స్నానాల భవనంలో, కీళ్ళనొప్పుల వాళ్ళకి వేడి బురద పట్టించేదాన్ని. రంగుటద్దాల గుమ్మటం కింద తెల్ల ఏప్రన్ కట్టుకుని నిలబడితే మహారాణిలాగే ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "తుప్పునీళ్ళ వాసన కొట్టేదాన్ని ఎవడు చేసుకుంటాడే?" అని నవ్వేసేది.

చేసుకునేవాడు ఏటా మే నెలలో వస్తూనే ఉన్నాడు. క్రాల్ గారని, కాసెల్ పట్నంలో గడియారాలు బాగుచేసే ఆయన. భార్య పోయింది, కడుపులో పుండు. డాక్టరు చీటీ రాస్తే ఇన్సూరెన్స్ వాళ్ళ ఖర్చుతో మూడు వారాలు ఉండేవాడు. గ్లాసు అందుకుని కౌంటర్ దగ్గరే తచ్చాడేవాడు.

"నడవండి, క్రాల్ గారూ."

"ఇవాళ మోకాలు నొప్పిగా ఉందండీ."

"మీరొచ్చింది కడుపు కోసం, మోకాలి కోసం కాదు. నడవండి!"

అలా గద్దించి పంపేసి, ఆ వీపుకేసే చూస్తూ ఉండిపోయేది. ఆయన స్తంభం చాటయితే మెడ సాచేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఓసి పిచ్చిదానా, ఒక్కసారి ఆయన్ని నిలబడనివ్వవే!"

"వెనకాల జనం ఉన్నారే," అనేది, చెవులు ఎర్రబడి.

ఆఖరిసారి వచ్చిన ఏడు, వెళ్ళిపోయే రోజు పొద్దున్న, క్రాల్ గారు టై కట్టుకొచ్చాడు. "ఇవాళ నడవనండి. మీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు. వెనకాల వరసలో జనమంతా చెవులు రిక్కించారు. ఇర్మ్‌ట్రౌట్ కంగారుపడిపోయి, "ముందు నడిచి రండి, తర్వాత విందాం," అంది. ఆయన బుద్ధిగా నడిచాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి స్టేషన్ బస్సు వచ్చేసింది.

మరుసటి ఏడు చట్టం మారింది, ఇన్సూరెన్స్ వాళ్ళు ఈ ఖర్చు ఇక ఇవ్వలేమని చేతులెత్తేశారు. మే వచ్చింది, క్రాల్ గారు రాలేదు. ఆ పై మేలోనూ రాలేదు. మంటపం తలుపు చప్పుడైతే చాలు, ఇర్మ్‌ట్రౌట్ చేతిలో గ్లాసు పొంగిపోయేది. చూసి చూసి, నా పోరు పడలేక, ఒక ఆదివారం కాసెల్ రైలెక్కింది. తన గడియారాల కొట్టు మీద వాటాలోనే కాపురమని ఆయనే ఓసారి చెప్పాడట.

సాయంత్రానికే తిరిగొచ్చింది. రైలు దిగిన ఆ ముఖం చూసి నా ప్రాణం ఉసూరుమంది.

"ఇల్లు దొరికిందే, లీసెల్. గుమ్మం దగ్గర గంట మీట పక్కన రెండు పేర్లున్నాయి. ఆయనది, కింద ఎవరో ఆడమనిషిది, ఇంటిపేరు వేరు."

"మీట నొక్కావా?"

"లేదు."

"నీ దుంప తెగ! అద్దెకున్న మనిషేమో! పెళ్ళయి ఇంటిపేరు మారిన కూతురేమో!"

"అయ్యుండొచ్చు," అంది ఇర్మ్‌ట్రౌట్, సంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూలబడుతూ. "అందుకే నొక్కలేదే. నొక్కితే తెలిసిపోతుంది. తెలిసిపోతే, వచ్చే మేలో నేనెవరికోసం ఎదురుచూడను?"