పై పాయ, కింది పాయ

మా తోడల్లుడు ప్రశాంతత నేర్చుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆయన చుట్టుపక్కల ఎవరికీ ప్రశాంతత లేదు.

ఆయన ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంకును బ్లేడుతో గీకి మళ్లీ గీసే మనిషి. ఆఫీసులో దాన్ని పనితనం అంటారు. ఇంట్లో ఆ గుణానికి వేరే పేరుంది. గోడ గడియారం కాస్త ఒరిగిందని ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచిన రోజున, వదిన సంచి సర్దుకుని చెల్లెలింటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది.

"అరవకుండా ఉండడం చేతనయ్యాక రమ్మను. అప్పటిదాకా ఆ గడప తొక్కను" అంది.

మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో అక్కాచెల్లెళ్లు పడుకుంటే నాకు వంటగది మిగిలింది. ఆయన మారాలని ఆయనకన్నా నేనే ఎక్కువ కోరుకున్నాను. అందుకే తీసుకెళ్లి బొమ్మల క్లాసులో చేర్పించాను. చిన్న అట్టముక్క మీద పెన్నుతో గీతలు, మెలికలు గీస్తూ మనసు కుదుటపరుచుకోవాలి. స్కేలు వాడకూడదు, రబ్బరు ముట్టుకోకూడదు.

"ఇక్కడ తప్పు అనేదే లేదండీ" అంది టీచరమ్మ.

"తప్పే లేకపోతే ఒప్పని ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు ఈయన.

చుక్కలు, అలలు ఇట్టే పట్టేశాడు. జడ అల్లిక దగ్గర దొరికిపోయాడు. ఒక పాయ పైనుంచి వెళితే రెండోది దాని కిందనుంచి వెళ్లాలి. అంటే పై పాయ అడ్డొచ్చిన చోట పెన్ను ఎత్తి, అవతల మళ్లీ అందుకోవాలి. ఆయన చేతికి ఆగడం రాదు. గీత దూసుకుపోయేది, కార్డు చిరిగేది, పెన్ను గోడకు తగిలేది. మిగతావాళ్ల మనశ్శాంతి కోసం ఇంట్లోనే సాధన చేసుకోమని టీచరమ్మ దణ్ణం పెట్టింది.

కొన్నాళ్లకు ఫ్రేము కట్టించిన కార్డుతో మా ఇంటికి వచ్చాడు. అల్లికలో ఒక్క తప్పు లేదు. నేను మనసులోనే వంటగదికి వీడ్కోలు చెప్పేశాను.

వదిన ఫ్రేము విప్పి కార్డును వేలితో తడిమింది.

"బ్లేడు గరుకు తగులుతోంది. దీనికి ముందు ఎన్ని చించారు?"

ఆయన నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. ఫ్రేముతో సహా వెనక్కి వెళ్లాడు.

మళ్లీ వచ్చినప్పుడు ఫ్రేము లేదు. చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. మధ్యలో కిందనుంచి వెళ్లాల్సిన ఒక పాయ అడ్డంగా పైనుంచే పోయింది. అక్కణ్ణుంచి అల్లిక వంకరగానే అంచుదాకా సాగింది.

"ఇదేంటి, ఇక్కడ మీంచి పోయింది?" అంది వదిన.

"పోయింది."

"గీకలేదా?"

"బ్లేడు తీశాను. అరవబోయాను కూడా. ఇంట్లో ఎవరూ లేరని గుర్తొచ్చింది. భయమేసింది. బ్లేడు పక్కన పెట్టేశాను."

నిజం చెప్పొద్దూ, నా ఇల్లు ఖాళీ అవుతుందన్న ఆశ కూడా మరిచిపోయి జాలిపడ్డాను. వదిన లోపలికెళ్లి సంచి తెచ్చుకుంది. మనసు మార్చుకుంటుందేమోనని గబుక్కున అందుకున్నాను.

గుమ్మం దగ్గర ఆయన కళ్లు మా గోడ గడియారం మీద పడ్డాయి. అది మొదటినుంచీ వంకరే. ఆయన చెయ్యి లేచింది. నేను సంచిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. ఆ చెయ్యి మెల్లగా వెళ్లి జేబులో దూరింది.

వదిన మాత్రం వెనక్కి వచ్చి, గడియారాన్ని ఇంకాస్త ఒరగదీసి, ఆయన మొహంలోకి ఒకసారి చూసి, అప్పుడు చెప్పులు వేసుకుంది.