పడుగు తాగిన కల్లు

మా నాయినకు కల్లంటే ఒక్క చెట్టు కల్లే. తెలంగాణలో మేము వదిలి వచ్చిన ఊళ్ళో, పొలాల అవతల ఒంటిగా నిలబడ్డ తాటిచెట్టు అది. సోలాపూర్‌లో మగ్గం మీద చద్దర్ నేస్తూనే ఆ కల్లును ఆయన మాటల్లో ఎన్నిసార్లు తాగేవాడో! "మొదలు తియ్యగ తగుల్తది, ఎనుక జర వగరు, మింగినంక ముంజె వాసన" అనేవాడు. వినీ వినీ నాకే నిషా ఎక్కినట్టుండేది. అవి యాభైల నాటి దారూబందీ రోజులు, సోలాపూర్‌లో కల్లు అమ్మడం నిషేధం. సర్కారు దుకాణంలో అమ్మే, పులియని నీరాను ఒకసారి రుచి చూసి, "షర్బత్" అని తీసిపారేశాడు.

ఒక ఎండాకాలం పొద్దున అమ్మ తమ్ముడు ఊరి నుంచి రైల్లో దిగాడు. చేతుల్లో బట్ట చుట్టిన సొరకాయ బుర్ర, అందులో ఆ చెట్టు కల్లు. నురగ పొంగుతోందని దాన్ని ఓ కుండలోకి వంచి, మూలన పెట్టి, స్నానానికి పోయాడు. నాయిన అప్పటికే నూలు తేవడానికి బజారుకు పోయి ఉన్నాడు.

అదే మూలన అమ్మ గంజి కుండ కూడా ఉండేది. పడుగు దారాలు గట్టిపడాలంటే గంజి పట్టించాలి కదా. నిన్నటి గంజి కూడా తెల్లగానే ఉంటుంది, పుల్లటి వాసనే వేస్తుంది. గల్లీ పొడుగునా పడుగు చాచి ఉంది. నాకు పదేళ్ళు, పనిమంతురాలినని మహా గర్వం. అమ్మ చెప్పకముందే చేతికందిన కుండ తెచ్చి, కుంచె ముంచి, ఆ కొస నుంచి ఈ కొస దాకా రాసేశాను. ఇంత పల్చగా ఉందేమిటని అనుకున్నాను గానీ ఆగలేదు. దారాలు తళతళలాడుతుంటే, ఏదో తియ్యటి వాసనలో కలగంటున్నట్టు నడిచాను.

నాయిన వచ్చాడు. "బిడ్డా, కల్లు కుండ తే" అని మామ పిలిచాడు.

మూలన మిగిలింది గంజి కుండ. పడుగుకు నేను పూసింది కల్లు! నిజం చెప్పే ధైర్యం లేక, అందులో చెంబెడు నీళ్ళు కలిపి పట్టుకుపోయాను. ఎంత గడుసుదాన్నో చూడండి.

మామ తాటాకు రేక మడిచి నాయిన చేతికిచ్చి, తనే వంచాడు. "తాగు బావా. రైల్ల ఒళ్లెకెంచి దించకుండ తెచ్చిన."

నాయిన కళ్ళు మూసుకుని ఒక గుటక వేసి, తెరిచాడు. నన్ను చూశాడు, నా తడి చేతులు చూశాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని రేక ఖాళీ చేశాడు.

"అదే చెట్టు, బామ్మర్దీ."

మామ ముఖం వెలిగిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అన్నాలు తిన్నాక మామ కునుకు తీస్తుంటే నాయిన గల్లీలోకి వచ్చాడు. పడుగు కొసన, నీడ పట్టున ఇంకా తడి ఆరని రెండు దారాలు వేళ్ళతో ఎత్తి నాలుకకు ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నాలుగడుగులు వేసి మరోచోట వంగాడు. అంత ఎండలో, అంత నూలు మధ్య, ఆయన మా గల్లీలో ఉన్నట్టే లేడు.

ఇక ఆగలేక ఏడుస్తూ పోయి ఆయన ధోతి పట్టుకున్నాను. "తప్పయింది నాయినా. గిది ఆ చెట్టుదేనా?"

ఆయన నన్ను కసరలేదు. నా తల మీద చెయ్యి వేసి, ఆ దారాన్ని ఇంకోసారి నోట పెట్టుకున్నాడు.

"ఏమో బిడ్డా," అన్నాడు. "యాదికొస్త లేదు."