ముసుగు మాస్టారు సంతకం

మా ఆయన్ని స్కూల్లో అందరూ ముసుగు మాస్టారు అనేవాళ్ళు. అదేదో దొంగల బడి అనుకునేరు! హెలికాప్టర్ పైలట్లకు, మబ్బులోనో మంచులోనో బయట ఏమీ కనిపించనప్పుడు ఎదురుగా ఉన్న మీటర్లు మాత్రమే చూసి నడపడం నేర్పే ఉద్యోగం ఆయనది. ఎండ కాసే రోజు మబ్బును ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని నేర్చుకునేవాడి తలకు ముందుకు పొడుచుకొచ్చిన ముసుగు ఒకటి తగిలిస్తారు. పైకెక్కాక అతనికి మీటర్లు తప్ప కిటికీ కనిపించదు. పక్కనే శిక్షకుడు కూర్చుని అన్నీ కనిపెట్టుకుని ఉంటాడు. బజార్లో దొరికే ప్లాస్టిక్ ముసుగులు మా ఆయనకు నచ్చేవి కావు. కుర్రాళ్ళు పక్కల నుంచి దొంగచూపులు చూస్తున్నారని ఒకటే గోల. చివరికి ఆ పని నా నెత్తిన పడింది. నల్లటి మందపాటి గుడ్డకు లోపల అస్తరు వేసి నా కుట్టుమిషన్ మీద కుట్టి ఇచ్చేదాన్ని. మా ఇంటికి కర్టెన్లు కుట్టుకునే తీరిక లేదు గానీ పైలట్లందరికీ గంతలు మాత్రం కుట్టాను.

పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆయన తయారవమంటే, సినిమాకు కాబోలని ముస్తాబై బయల్దేరాను. నా ఖర్మ! తీసుకెళ్ళింది స్కూల్లో ఉన్న తిరిగే కుర్చీ చూపించడానికి. కళ్ళకు గుడ్డ కట్టి, కూర్చోబెట్టి, మెల్లగా ఒకే వేగంతో తిప్పారు.

కాసేపయ్యాక, "ఏమోయ్, తిరుగుతున్నావా?" అన్నారు.

"ఎప్పుడో ఆపేశారుగా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు అటు వైపు తిప్పుతున్నారు. ఇక ఆపండి బాబూ, వాంతయ్యేట్టుంది!"

గుడ్డ విప్పి చూద్దును కదా, కుర్చీ కదలడం లేదు. ఆయన చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నారు. నేను ఆగిందన్నప్పుడు అది తిరుగుతూనే ఉందట. తిరుగుతోందన్నప్పుడు ఆగి ఉందట. "చెవి లోపల కాస్త నీరుంటుంది. అది చేసే మోసం. ఎంతటివాడికైనా ఇంతే. తెలిసినవాడికీ ఇంతే" అన్నారు. కడుపులో దేవుతుంటే పాఠాలు ఎవరికి ఎక్కుతాయి? ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

మనిషి అంతే. పక్కింటివాళ్ళు కొత్త కారు కొని ఎలా ఉందని అడిగితే, బ్రేకులు మెత్తగా ఉన్నాయని చెప్పి వచ్చే రకం. మొహమాటమన్నది ఒంట్లో లేదు. ఎన్నిసార్లు చిలక్కి చెప్పినట్టు చెప్పానో. వింటేగా!

మా తమ్ముడి సంగతి చెప్పాలి. వాడికి ఊహ తెలియక ముందే మా అమ్మ పోయింది. వాడి ముక్కు తుడిచింది, బడికి పంపింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుంది నేనే. నా పెళ్ళయ్యాక వాడు మా ఇంట్లోనే పెరిగాడు. బావను చూసే పైలట్ కావాలనుకున్నాడు, అయ్యాడు. పొలాల మీద మందు చల్లే హెలికాప్టర్ నడిపేవాడు. చెట్ల కొసలకు, కరెంటు తీగలకు తగలకుండా వాడు తిప్పుతుంటే జనం పని మానేసి చూసేవారు. మా ఆయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు, అలాంటిది, "మీ తమ్ముడు దాన్ని నడపడం లేదోయ్, చొక్కాలా తొడుక్కుంటున్నాడు" అన్నారు. ఆ మాట వాడికి చేరవేస్తే వారం పాటు కాలర్ ఎగరేసుకుని తిరిగాడు.

మందు చల్లే పని ఏడాదంతా ఉండదు. వాడికి పెళ్ళయింది, పాప పుట్టింది. సముద్రం మధ్యలో చమురు బావులకు పనివాళ్ళను చేరవేసే కంపెనీ ఒకటి పైలట్లను తీసుకుంటామంది. ఒకటే షరతు. వెనక మనుషులను కూర్చోబెట్టుకుని సముద్రం మీద ఎగరాలంటే మీటర్ల శిక్షణ పూర్తయి ఉండాలి. ముసుగులో ఇన్ని గంటలు, స్కూల్లో నేల మీదే ఉండే నకిలీ హెలికాప్టర్లో ఇన్ని గంటలు, ఒక రాత పరీక్ష, ఆపైన పై అధికారి ఎక్కి చూసే పరీక్ష. ఆ చివరి పరీక్షకు పంపాలంటే ముందు శిక్షకుడు ఇతను పనికొస్తాడని సంతకం పెట్టాలి. మా దగ్గర ఉన్న శిక్షకుడు ఒక్కరే. వాడి బావ.

ఇంట్లో పండగే అనుకోండి. వాడి తల కొలత తీసుకుని ముసుగు నేనే కుట్టాను. "బావా, కాస్త చూసీ చూడనట్టు పో" అని వాడు, "చూడకుండా నడపాల్సింది నువ్వు, నేను కాదు" అని ఈయన, భోజనాల దగ్గర ఒకటే నవ్వులు. రాత పరీక్ష గట్టెక్కాడు. ముసుగు గంటలూ అయిపోవచ్చాయి. ఎండ కాసిన రోజుల్లో గీత గీసినట్టు నడిపాడట.

సంతకానికి ముందు మా ఆయన మబ్బు పట్టిన రోజు కోసం ఆగారు. ఆ రోజు పైన ఏం జరిగిందో నాకు ఇద్దరూ చెప్పారు. ఇద్దరు చెప్పినదీ ఒకటే, చివరి మాట దగ్గర తప్ప.

ముసుగు వేసుకుని నేరుగా పోతున్నాడు. ఈయన కావాలనే పెన్సిల్ కింద పడేసి, "కాస్త అందుకో" అన్నారు. అది ఆయన పాత ఎత్తు. తల వంచి లేపేసరికి చెవిలోని నీరు కలగాపులగమవుతుంది. వాడు వంగాడు, పెన్సిల్ ఇచ్చాడు. ఆ కాస్తలోనే హెలికాప్టర్ ఎడమకు ఒరిగి కిందికి జారడం మొదలుపెట్టింది. ఆ యంత్రం దానంతటది నిలకడగా ఉండే రకం కాదు, ఏమరుపాటు పనికిరాదు. మీటర్లో నేలను చూపించే అడ్డగీత ఏటవాలుగా పడి ఉంది.

"గీత ఏమంటోంది?" అని మా ఆయన అడిగారు.

"గీత తప్పు చూపిస్తోంది. మనం నిటారుగానే ఉన్నాం. మీటర్ పాడైంది బావా" అన్నాడు వాడు.

ఇంకా ఎడమకే నొక్కాడు. మా ఆయన పగ్గాలు తన చేతిలోకి తీసుకుని దించేశారు.

దిగగానే మెకానిక్‌ను పిలిచి మీటర్ విప్పించి చూపించారు. నిక్షేపంలా ఉందన్నాడు. వాడు ఒప్పుకోలేదు. "నాకు తెలియదా? నా ఒంటికి తెలియదా? ఇన్నేళ్ళుగా నడుపుతున్నాను. మెకానిక్ బావ మనిషి, అలాగే అంటాడు" అని ఒంటికాలి మీద లేచాడు. ఇంకో హెలికాప్టర్లో చూడమన్నాడు. మర్నాడు ఎండ కాసింది. ఇంకో దాంట్లో ముసుగు వేసుకుని అద్దం మీద నీళ్ళు జారినంత నున్నగా నడిపాడు. దిగి, "చూశావా!" అన్నాడు.

మా ఆయన సంతకం పెట్టలేదు.

"ఎండ వాడి మోకాళ్ళ మీద పడుతోందోయ్" అని నాకు చెప్పారు. "తిరిగినప్పుడల్లా ఆ వెలుగు పక్కకు జరుగుతుంది. దాన్ని పట్టుకుని నడుపుతున్నాడు. తను అలా చేస్తున్నట్టు వాడికే తెలియదు. కావాలని చేసే మోసమైతే నాలుగు తిట్టి మాన్పించేవాణ్ణి. మబ్బులో ఎండ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"మళ్ళీ నేర్పండి."

"నేర్పుతాను. ఎన్నాళ్ళయినా నేర్పుతాను. ముందు మీటర్ బాగానే ఉందని వాడు ఒప్పుకోవాలి. దాన్ని నమ్మనివాడికి నేనేం నేర్పను?"

వాడు ఒప్పుకోలేదు. కంపెనీ గడువు దాటిపోయింది, ఉద్యోగం ఇంకొకరికి పోయింది. చేతులు పట్టుకున్నాను, గడ్డం పట్టుకున్నాను, ఇద్దరిలో ఒక్కరూ దిగిరాలేదు. వాడు ఓడరేవులో క్రేన్ నడిపే పనిలో చేరాడు. అంత ఎత్తున గాజు గదిలో కూర్చుని కిందున్న ఓడల్లోకి పెట్టెలు దించుతాడు. ఆ పనిలోనూ వాడికి మంచి పేరే. ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు. అంతకు ముందు నోరారా బావా బావా అనేవాడు, నాతో మాట్లాడినా "మీ ఆయన" అనడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క పిలుపుకు నా కడుపు ఎంత మండేదో!

నిజం చెప్పొద్దూ, నేను మా ఆయన మీదే నిప్పులు చెరిగేదాన్ని. "ఆ తర్వాత ఏమైనా జరిగిందా? ఎవరైనా పడిపోయారా? ఒక్క సంతకంతో వాడి బతుకు బండలు చేశారు!" అనేదాన్ని. పడకుండా ఉన్న మనిషిని చూపించి ఇదుగో నావల్లే పడలేదని ఎవరు చెప్పగలరు? ఆయన మాత్రం ఏమని చెబుతారు?

ఆయన పోయే ముందు కొన్ని నెలలు ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డారు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం, తల దగ్గర గుర్రుమంటూ ఆక్సిజన్ మిషన్, ముక్కుకు గొట్టం. స్కూల్ నుంచి పాత శిష్యులు వచ్చేవారు, పండ్లు తెచ్చేవారు. అందరూ వెళ్ళాక తలుపు వైపే చూస్తూ, "మీ తమ్ముణ్ణి ఒకసారి రమ్మనవోయ్" అనేవారు.

వాడింటికి వెళ్ళాను. మరదలు టీ పెట్టింది. వాడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పక్కన బల్ల మీద ఏదో కొత్త స్కూల్ ప్రకటన కాగితం ఉంది. అక్కడ చేరితే మీటర్ల శిక్షణ చప్పున ముగించి పంపేస్తారని, ఆ చేత్తోనే ఉద్యోగమూ చూపిస్తారని మరదలు చెప్పింది.

"చేరొద్దంటే వినేట్టు లేరు వదినా. కానీ కాగితం నింపరు, పారేయరు. ఏదో అడ్డుపడుతోంది" అంది.

"అడ్డుపడుతోంది మీ ఆయన మాటే" అన్నాడు వాడు నా వైపు తిరిగి. "ఎక్కాలనుకున్నప్పుడల్లా చెవిలో మోగుతుంది. ఆ రోజు మీటర్ పాడైందని ఒక్కసారి ఒప్పుకోమను అక్కా. ఒక్కసారి. ఆ క్షణమే వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంటాను. నాకు మాత్రం ఆయన మీద ప్రేమ లేదా?" అని ఏడ్చాడు. అంత మనిషి, చిన్నప్పుడు ఏడ్చినట్టే పెదవి వణికించుకుంటూ ఏడ్చాడు.

ఎలా ఇల్లు చేరానో నాకే తెలియదు. మా ఆయన మంచం పక్కన కూర్చుని బతిమాలాను. "మీటర్ పాడైందని ఒక్క మాట అనండి. మీ సొమ్మేం పోయింది? పోయేటప్పుడు కూడా ఏమిటండీ ఈ మొండితనం? ఉత్త మాటేగా!"

ఆయన ఊపిరి కూడదీసుకున్నారు.

"అది మాట కాదోయ్" అన్నారు. "సంతకం."

ఆ తర్వాత ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "నాకూ వాణ్ణి చూడాలనే ఉంది. చచ్చేంత ఉంది. కానీ నేను ఆ మాటంటే వాడు ఎక్కేస్తాడు. వెనక ఎవరెవరో కూర్చుంటారు" అన్నారు. నేను కొంగుతో ఆయన మొహం తుడిచి, వంటింట్లోకి పోయి నోరు మూసుకుని ఏడ్చాను. ఆయన మీద కోపంతో ఏడ్చానో, జాలితో ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

అలాగే పోయారు. వాడు రాలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. తమ్ముడు. అన్నేళ్ళ తర్వాత మా గడప లోపలికి వచ్చి, ఖాళీ మంచం చూసి నిలువునా కూలబడ్డాడు. నా ఒళ్ళో తల పెట్టుకుని, "బావా, బావా" అని ఏడ్చాడు. మీ ఆయన అనలేదు, బావా అన్నాడు. వాడి జుట్టు అప్పుడే నెరవడం మొదలైంది. నిమురుతూ కూర్చున్నాను. ఆయన పోయాక నాకంటూ మిగిలింది వాడొక్కడే. ఇక వాడు వస్తూ పోతూ ఉంటాడని, పాపను తీసుకొస్తాడని, ఈ ఇంట్లో మళ్ళీ మాటలు వినిపిస్తాయని ప్రాణం లేచొచ్చింది.

కాస్త తేరుకుని, మొహం తుడుచుకుని అడిగాడు.

"అక్కా, చివరికైనా అన్నారా? మీటర్ సంగతి?"

వాడి కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. అన్నారురా, పాడైందనే అన్నారు, అంటే అయిపోయేది. నిజమా అని అడుగుదామన్నా పోయిన మనిషి తిరిగి రారు. నా తమ్ముడు నాకు దక్కేవాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"అనలేదు" అన్నాను.

"నిజంగా?"

"అనలేదురా. మీటర్ బాగానే ఉంది."

వాడు లేచి నిలబడ్డాడు. "నువ్వు చూశావా?"

"చూడలేదు."

"మరెలా చెబుతున్నావు? నీ చేతుల్లో పెరిగానే, నా మాట కంటే ఆయన మాటే ఎక్కువైందా?"

ఇద్దరి మాటల్లో ఒకటి నమ్మాలి. నా ఒళ్ళంతా వాడి మాటే నమ్మమంటోంది. "కూర్చోరా, అన్నం తిని వెళ్ళు" అన్నాను. వినిపించుకోలేదు. చెప్పులు వేసుకుంటూ, "ఇంక నాకు అక్క కూడా లేదు" అని వెళ్ళిపోయాడు.

నా ఫోన్ ఎత్తడు. మరదలు మాత్రం వాడికి తెలియకుండా అప్పుడప్పుడూ చేస్తుంది. "ఇవాళా క్రేన్ పనికే వెళ్ళారు వదినా" అంటుంది. చాలమ్మా, అంతే చాలు అంటాను. చాలదు. కానీ అలాగే అంటాను.