గేటు పాసు మీద రాసిన కారణం

మొన్న మా మనవరాలు బడికి లీవు లెటరు రాస్తూ, "తాతా, ఒంట్లో బాగలేదంటే అనీజీ అని రాయొచ్చా?" అని అడిగింది. "వద్దు బిడ్డా, యాడ నొస్తుందో గది రాయి!" అని కసిరాను. పిల్ల బిత్తరపోయింది. దాని తప్పేముంది పాపం, ఆ మాటను అరగదీసినవాణ్ణి నేను.

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తాగా ఉండేవాణ్ణి. షిఫ్టు మధ్యలో బయటికి పోవాలంటే గేటు పాసు కావాలి, దానిమీద కారణం ఇంగ్లీషులో ఉండాలి. రాసేది నేను. జ్వరమంటే డాక్టరు చీటీ అడుగుతారు. కడుపునొప్పంటే మాత్ర ఇచ్చి మళ్లీ మిషను దగ్గరికే తోలుతారు. అనీజీకి మాత్రం మందూ లేదు, సాక్ష్యమూ అక్కర్లేదు. అది గ్యాసు కావచ్చు, గుండెదడ కావచ్చు, ఒట్టి దిగులూ కావచ్చు. అందుకే మ్యాట్నీకి పోయేవాడికీ, పిల్లను చూసుకోను పోయేవాడికీ అదే రాసిచ్చి, నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

కీసర జాతర రోజుల్లో ఒక మధ్యాహ్నం అదే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసే మా అక్క మొగుడు నా కిటికీ దగ్గరికొచ్చాడు. అన్నేళ్ల నౌకరీలో ఒక్కనాడూ పని మధ్యలో వదిలి పోని మనిషి.

"బామ్మర్దీ, జర అనీజీగ ఉందిరా. పాసు రాయి."

"ఏంది బావా, నువ్వు గూడ జాతరకేనా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. అలవాటుకొద్దీ ఆ మాటే రాసి, సంతకానికి సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన కోస్తా మనిషి, చెడ్డవాడేం కాదు. పొద్దుటినుంచీ నేను రాసిచ్చిన జాతర పాసులన్నీ ఆయన బల్లమీదే ఉన్నాయి.

"అందరికీ ఒకే జబ్బా? ఇంకెవరూ వెళ్లడానికి వీల్లేదు" అన్నాడు.

"ఇది నిజంగానే సార్."

"మరి పొద్దున్నవి?"

నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పలేదు. పావుగంట నిలబడి బతిమాలాను, అంతే. ఆయన గది కిటికీలోంచి చూస్తే బావ గోడకానుకుని మెల్లగా కిందికి జారుతున్నాడు. అప్పుడు అరిచాను.

"పొద్దుగాలవన్నీ దొంగవి సార్, నేనే రాసిన! మా బావ సచ్చిపోతడు!"

ఆయన సంతకం మాట మరిచి, తానే ఉరికొచ్చి బావను కాళ్ల వైపు పట్టి లేపాడు. ఇద్దరం ఆటోలో వేసుకుని ఉప్పల్ దవాఖానాకు తీసుకుపోయాం. బావ దక్కలేదు. నా ఉద్యోగమూ పోలేదు. సూపర్‌వైజరు ఆ దొంగ పాసుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

"జర ముందుగల తీస్కపోతే బతుకుతుండెనా తమ్మీ?" అని అక్క అడిగింది. లేదక్కా అన్నాను. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, రాష్ట్రం వచ్చింది, అక్క ముసలిదైంది. ఆ పావుగంట ఒక్కటే నాకింకా గడవలేదు.