సైకిల్ బాటకు తుమ్మకంప

మా పర్వతాలు మామ కాళ్లకు కుదురు లేదు. కేతేపల్లిలో ముప్పై ఏళ్లు మేకల వెంట తిరిగిన కాళ్లు అవి. హైదరాబాదులో అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌గా చేరాక కుర్చీ ఇచ్చారు. దాని చుట్టూ తిరుగుతున్నాడు.

గుర్వమ్మత్త ఒక హాస్టల్‌లో వంట చేస్తుంది. ఆరింటికల్లా పొయ్యి ముట్టించాలి. అందుకే నలభై ఐదేళ్ల వయసులో సైకిల్ నేర్చుకుంది. రోడ్డు పక్కన సైకిళ్ల కోసమని పచ్చరంగు పూసిన బాట ఉంది గానీ, దాని మీద కార్లే పడుకుంటాయి. పోయిన నెల వాటిని తప్పించుకోబోయి అత్త రోడ్డెక్కింది. లారీ హారన్‌కు అదిరి పడింది. మోకాలు చిట్లింది. అప్పటి నుంచి నడిచే పోతోంది, రోజూ ఆలస్యమే. ఇంకొక్కసారి లేటయితే వేరే మనిషిని చూసుకుంటానని వార్డెన్ సావిత్రమ్మ తేల్చి చెప్పింది.

"బాట ఖాళీగుంటె సైకిలెక్కుత. లేకుంటె పని బంద్," అన్నది అత్త.

మామకు బువ్వ దిగలేదు. మర్నాడే కొడవలి పట్టుకొని పక్క ఖాళీ ప్లాటులో దూరాడు. ఊళ్లో మేకపిల్లల దొడ్డికి తోడేలు రాకుండా కంప వేసినట్టే, బాట అంచు పొడుగునా సర్కారు తుమ్మకంప పేర్చాడు. ఒక్క కారూ అటు రాలేదు. మామ మీసం దువ్వుకున్నాడు.

తెల్లవారి అత్త సైకిలెక్కింది. యాభై గజాలు పోయిందో లేదో, బాటలో రాలిన ముళ్లకు రెండు టైర్లూ తుస్సు.

"ఏందయ్యా గీ పని?"

"మన మేకలు గా ముండ్లల్లనే తిరుగుతుండె గదనే! తుమ్మాకు తింటుండె గూడ!"

"నా సైకిల్‌కు నోరున్నదా తినెటందుకు?"

చెప్పులు చేతిలో పట్టుకొని ఉరికింది. సావిత్రమ్మ అప్పుడే స్నానానికి పోయి ఉండబట్టి గండం తప్పింది.

మామ ఆ రోజంతా కంప ఎత్తి, ముళ్లు ఊడ్చాడు. మర్నాడు ఐదింటికే భుజాన కర్రతో, కార్లు బాటలోకి మళ్లే మూల మీద నిలబడ్డాడు. ఒక కారు రానే వచ్చింది. మామ కర్ర అడ్డం పెట్టాడు.

"ఎవరు నువ్వు? జరుగు!"

"జర ఆగు సార్. మా పిల్లలు పోతున్నయి."

"ఏం పిల్లలు?"

అత్త బెల్లు కొట్టుకుంటూ వచ్చింది. వెనక పేపర్లేసే పెద్దులు, ఆఫీసులు ఊడ్చే నర్సింగమ్మ.

"గిదో, గీ పిల్లలే."

"తల నెరిసిందిరా నాయనా నీ పిల్లకు!" కారాయన నవ్వలేక నవ్వి బండి వెనక్కి తీశాడు.

దొడ్డి నుంచి వదిలేటప్పుడు మేకలను లెక్కపెట్టే అలవాటు ఎటు పోతుంది? మామ సైకిళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదటి రోజు మూడు. బాట ఖాళీగా ఉందని తెలిసి నెల తిరిగేసరికి పదకొండు.

నిన్న పొద్దున ఆరు కాకముందే మామ ఫోను మోగింది.

"చేరిన. పొయ్యి ముట్టిచ్చిన. ఇగ పోయి కూసో," అన్నది అత్త.

కర్ర ముందర ఆగి ఉన్న కారాయన అద్దం దించాడు. "ఇప్పుడన్నా పెట్టుకోనా, కాకా?"

"ఆగు సార్," అన్నాడు మామ, మునివేళ్ల మీద లేచి మలుపు దిక్కు చూస్తూ. "పదే పోయినయి. ఇంకొకటి రాలే."