గాలానికి కట్టిన నల్లపూస

పెళ్లయిన రెండో ఏడు మా ఆయన మస్కట్ వెళ్లారు. రాజోలు దగ్గర కాలువ గట్టు మీదున్న ఆ ఇంట్లో అత్తగారూ, మావయ్యగారూ, నేనూ మిగిలాం. మావయ్యగారు కాలువ నీళ్లు ఆపి వదిలే లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ లాకు తలుపులు తిప్పడం, తీరిక దొరికితే గాలం వేయడం, అంతే ఆయన లోకం. రిటైరైన కొద్దికాలానికే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కాలు కొంచెం ఈడ్చేవారు. మాట మాత్రం శుభ్రంగానే ఉండేది.

కాస్త తేరుకున్న దగ్గర్నుంచీ ఆయన ధ్యాస మళ్లీ గాలం మీదే. లాకు దిగువన నీళ్లు బాగా లోతు. పెద్ద జెల్ల చేపలు అడుగునే తిరుగుతాయి. ఎర అక్కడిదాకా దిగాలంటే నీళ్ల మీద తేలే బెండును గాలపు ముల్లుకి చాలా ఎత్తున కట్టాలి. అలా కడితే వేలాడే తాడు పొడుగైపోయి, విసరడానికి రెండు చేతులూ కావాలి. ఆయనకున్నది ఎడమచెయ్యి ఒక్కటే. వెళ్లిన ప్రతిసారీ తాడు తుమ్మకొమ్మకో తన చొక్కాకో చిక్కుకునేది. ఖాళీ బుట్టతో తిరిగొచ్చి అరుగు మీద కూర్చునేవారు. అన్నానికి పిలిచినా పలికేవారు కాదు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచారు.

"అమ్మాయ్, పూలు బాగా కడతావు కదా. నాకో ముడి వేసిపెడతావేంటి?"

"ఎలాంటి ముడండీ?"

"బెండుకి నిలువునా కన్నం పెట్టి తాడు దూర్చాలి. బెండుని కట్టెయ్యకూడదు, జారుతుండాలి. ఎంత లోతు కావాలో అక్కడ తాడు మీద నూలుదారంతో ముడెయ్యాలి. విసిరేటప్పుడు బెండొచ్చి ముల్లు దగ్గర కట్టే సీసం గుండు పక్కనే ఉంటాది. నీళ్లలో పడ్డాక సీసం తాడుని కిందకి లాక్కుపోద్ది. ముడొచ్చి తగలగానే ఆగిపోయి బెండు నిలబడతాది."

"ఎవరు చెప్పేరండీ మీకు?"

"వెనకటికి లాకు దగ్గరాగిన లాంచీ నడిపే సరంగొకాయన చూపించేడు. అప్పుడు రెండు చేతులూ ఉన్నాయి. నాకెందుకులే అనుకున్నాను."

నైలాను తాడు మీద దారం చుట్టలు చుట్టి, కొసను ఆ చుట్టల్లోంచి తీసి, తడిచేసి లాగాలి. వదులైతే ముడి జారిపోయేది. మరీ బిగిస్తే కదిలేది కాదు. గోటితో తోస్తే కదలాలి, బెండు గుద్దితే కదలకూడదు. చాలా దారం పాడుచేశాక కుదిరింది. తీరా చూస్తే ముడి చిన్నదైపోయి, బెండు కన్నంలోంచి దూరిపోతోంది.

"మధ్యలో పూసుండాలి. చిన్న పూసేదన్నా ఉందా నీ దగ్గర?" అన్నారు.

"నల్లపూసలు మళ్లీ గుచ్చించినప్పుడు మిగిలినవి డబ్బాలో ఉన్నాయండీ."

"పట్రా. మిగిలినవే కదా, తప్పేముంది?"

డబ్బా తెచ్చి ఇచ్చాను. తనే ఒక్కో పూసా వెలుతురుకి పెట్టి చూసి, కన్నం సన్నగా ఉన్నదాన్ని ఏరి నా చేతిలో పెట్టారు.

కాలువలో నీళ్లు పెరిగినా తగ్గినా ముడి జరపాలి. దానికి రెండు చేతులు కావాలి కాబట్టి నేనూ ఆయనతో వెళ్లేదాన్ని. లాకు మెట్ల మీద కూర్చునేవాళ్లం. ఆయన ఎడమచేత్తో విసిరితే బెండు నీళ్ల మీద కాసేపు వాలి పడుకుని, ముడి అందగానే నిటారుగా లేచేది. మొదటి జెల్ల పడ్డప్పుడు ఆయన తాడును పళ్లతో పట్టుకుని లాగారు. ఇంకోసారి ఆయన వల్ల కాక, "నువ్వు లాగమ్మా, నువ్వు లాగు!" అని అరిస్తే నేనే లాగాను. చేప మెట్ల మీద పడి ఎగిరితే నా చీరంతా బురద. ఇద్దరం పగలబడి నవ్వాం. మా ఆయన వెళ్లాక నేను అంతలా నవ్వడం అదే మొదలు. లాకు వంతెన మీద సైకిళ్లాపి జనం చూస్తున్నారని నాకు తోచలేదు.

వారం తిరక్కముందే కథ ఊరంతా పాకింది. మొగుడు దేశంలో లేని పిల్ల మెళ్లో నల్లపూసలు తెంపి గాలానికి కట్టిందట. మా అత్తగారు గాలం తెచ్చి ఆ పూసను చూసి కూలబడ్డారు. మస్కట్‌కి ఎవరు చేరవేశారో ఇప్పటికీ తెలీదు.

శుక్రవారాలు మా ఆయన కిరాణా కొట్టుకి ఫోన్ చేసేవారు. ఆ శుక్రవారం కొట్టు నిండా బేరాలున్నాయి. మావయ్యగారు నా పక్కనే బల్ల మీద కూర్చున్నారు.

"నల్లపూసలు తెంపేవంట?"

"తెంపలేదండీ. మిగిలిన పూస. మావయ్యగారే అడిగి తీసుకున్నారు."

"మా నాన్న అడిగేడా? ఫోను ఆయనకియ్యి."

ఇచ్చాను. ఆయన చాలాసేపు విన్నారు. "ఆయ్" అన్నారు. మళ్లీ "ఆయ్" అన్నారు. కొట్టువాళ్లు పప్పు తూచడం ఆపేశారు. పక్కనే ఉన్న నా మొహంలోకి చూడకుండా, గోడవైపు తిరిగి చెప్పారు.

"నాకేం తెలుసురా. అమ్మాయే తెచ్చి కట్టింది. ఇంట్లో ఉండమన్నా వెంటొచ్చేసేది."

అంత పెద్దాయన్ని అంతమందిలో అబద్ధాలకోరు అనడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ పెట్టేశాక ఆయన నాకంటే ముందు కాలీడ్చుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు.

అత్తగారు పంతులుగారిని పిలిపించి నాచేత తలస్నానం చేయించి, పూజ చేయించి, కొత్త నల్లపూసలు మెళ్లో వేయించారు. చూడ్డానికి వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. చెయ్యని తప్పుకి అందరి ముందూ లెంపలు వేసుకున్నాను. అరుగు మీద మావయ్యగారు పేపరు చదువుకుంటున్నారు. ఇక లాకు మెట్ల దగ్గరికి వెళ్లొద్దని అత్తగారన్నారు, మానేశాను.

కొన్నాళ్లకి మావయ్యగారు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు. చేతిలో తాడూ, పాత చొక్కా గుండీ.

"పూస బదులు ఇది సరిపోద్దమ్మాయ్. ఓ ముడి వేసిపెట్టు."

వేసిపెట్టాను. ఆ ఇంట్లో కోడలు కాదనడమన్నది లేదు. పక్కింటాయన్ని తోడు తీసుకుని వెళ్లేవారు. ముడి తెగినప్పుడల్లా తాడు నా దగ్గరకొచ్చేది. ఒంటిచేత్తో లోతు నీళ్లలో జెల్లలు పడుతున్నాడని లాకుల దగ్గర ఆయన్ని అందరూ మెచ్చుకునేవారట. అత్తగారు మురిసిపోతూ చెప్పేవారు. ఆ జెల్లల్ని బూడిదతో తోమి పులుసు పెట్టేది నేనే. పెట్టిన పులుసు నాకు సహించేది కాదు.

రెండోసారి పక్షవాతం వచ్చి ఆయన మంచాన పడ్డారు. జావ పట్టడం నా పని. ఒక సాయంత్రం రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కకి నెట్టారు. కళ్లు తడిగా ఉన్నాయి.

"అమ్మాయ్, ఆ వేళ ఫోనులో నేను..." అన్నారు.

నేను వంగాను. నిజంగానే వినాలనుకున్నాను. కొట్టు నిండా జనంలో పోయిన మాట ఆ గదిలో నా ఒక్కదానికి తిరిగిచ్చినా తీసుకునేదాన్ని.

ఇంతలో అత్తగారి అడుగుల చప్పుడైంది. ఆయన కళ్లు గుమ్మంవైపు తిరిగాయి.

"జావలో ఉప్పెక్కువైంది," అన్నారు.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంటూ అత్తగారు లోపలికొచ్చారు.

డాక్టరు మానెయ్యమన్నప్పట్నుంచీ నేను జావలో ఉప్పు వెయ్యడం లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, అదే జావ వేడిచేసి తెచ్చి పట్టాను. తాగారు. ఆ నెలలోనే పోయారు.