నాన్న కోటు, నా రెండు ఊఁలు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీకి కూడా. అక్క పెళ్లి రిహార్సల్ సాయంత్రం అమీర్‌పేటలోని మా చర్చిలో కరెంటు పోవడానికి కారణం నేను. స్విచ్చేదీ ముట్టుకోలేదు. ప్రార్థించానంతే. ఉద్యోగం కోసం, మొటిమలు తగ్గడం కోసం ఏళ్లుగా పెట్టుకున్న అర్జీలన్నీ పక్కన పడేసిన దేవుడు దీన్ని మాత్రం అప్పటికప్పుడు మంజూరు చేశాడు. అంతటి అవసరం ఎందుకొచ్చిందో చెబుతాను, గుండె చిక్కబట్టుకోండి.

మా చర్చిల్లో పెళ్లికి ముందురోజు రిహార్సల్ ఉంటుంది. ఎవరు ఎప్పుడు నడవాలి, ఏ ప్రశ్నకు ఎవరు జవాబివ్వాలి, అన్నీ ఒకసారి చేసి చూసుకుంటారు. తర్వాత అందరికీ భోజనం. పెళ్లికూతురి చెయ్యి పట్టి నడిపించేది తండ్రి. మాకు నాన్న లేరు. పోయి రెండేళ్లయింది.

"మామయ్య నడిపిస్తాడు. ఇన్నాళ్లూ మన మంచీచెడ్డా చూసింది వాడే కదా," అంది అమ్మ. "పెదనాన్నగారికి నువ్వెళ్లి మెల్లగా చెప్పు. భోజనాల దగ్గర ప్రార్థన ఆయన్నే చెయ్యమను."

"నేనా?"

"నువ్వు చెబితే ఆయన నొచ్చుకోరే."

బేగంపేట వెళ్లే దారంతా పుస్తకాల్లో చదివిన మంచి మంచి వాక్యాలు కూర్చుకున్నాను. పెదనాన్న తలుపు తీశారు, నాన్న కోటు వేసుకుని.

"ఏంటే చిన్నీ, అలా చూస్తున్నావ్? మీ నాన్నదే. పక్కలు కాస్త వదులు చేయించాను. వాడెలాగూ రాలేడు, వాడి కోటైనా వస్తుంది. ఇది వేసుకుని నేనే దాన్ని నడిపిస్తా. సరేనా?"

నా వాక్యాలన్నీ పంజాగుట్ట చౌరస్తాలో పోలీసును చూసిన హెల్మెట్ లేని బండ్లలా సందుల్లోకి తిరిగిపోయాయి.

"ఊఁ," అన్నాను.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "చెప్పావా?"

"ఊఁ."

ఊరుకున్నంత ఉత్తమం లేదని సామెత. నిజమే, నేను ఊరుకుని ఉంటే బాగుండేది. ఊఁ కొట్టాను.

రిహార్సల్ నాడు వాన. చర్చి నిండా తడి గొడుగుల వాసన. మామయ్య అక్క కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఇంతలో ఆటో దిగి పెదనాన్న ఎడమచెయ్యి పట్టుకున్నారు.

"బావగారూ, మీరు ముందు వరసలో కూర్చోండి, నేను తీసుకొస్తాను."

"నువ్వే కూర్చోవయ్యా."

ఎవరూ వదల్లేదు. ఇద్దరు నడిచే దారిలో ముగ్గురూ ఇరుక్కుంటూ పీఠం దాకా వచ్చారు. పాస్టరుగారు పుస్తకం చూసి అడిగారు: "ఈ వధువును ఇచ్చువారెవరు?"

"నేను!"

"నేను!"

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, తప్పు వాటిదే అన్నట్టు. అమ్మ మెల్లగా నావైపు తల తిప్పింది. నేను ప్రార్థించింది అప్పుడే. కరెంటు పోయింది.

"వదలండి బావగారూ."

"ముందు నువ్వు వదులు."

"ఇద్దరూ వదలండి, నొప్పెడుతోంది!" చీకట్లో అక్క గొంతు.

దేవుడు విన్నాడు గానీ చర్చి జనరేటర్ వినలేదు. చటుక్కున లైట్లు వెలిగాయి.

పంజాగుట్టలో ఓ హోటల్ మేడమీద భోజనాలు. నడిపించేవాళ్లే ఆ భోజనం పెట్టించడం మా బంధువుల్లో మర్యాద. ఇద్దరూ మర్యాదస్తులే. వడ్డించే అతను నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, జర జెప్పు. గా సారు బిర్యానీ జెప్పిండు, గీ సారు పులావ్, గోంగూర మటన్ తెప్పిచ్చిండు. ఏది ముంగట పెట్టాలె?"

"ఊఁ."

"ఊఁ అంటే ఏదక్కా?"

అటు బిర్యానీ పక్షం, ఇటు పులావ్ పక్షం. మధ్యలో పెళ్లికొడుకు తరఫువాళ్లు పరామర్శకు వచ్చినవాళ్లలా తలలు దించుకుని తింటున్నారు. నేను ప్రాయశ్చిత్తంగా రెండూ తిన్నాను. దేనికీ రుచి లేదు.

పెదనాన్న లేచి కోటు విప్పి కుర్చీకి తగిలించారు. "రేపు నేను రాను. నన్ను పిలిచి అవమానించారు."

"అయితే నేనూ రాను," అన్నాడు మామయ్య.

వెనకనుంచి చూస్తే ఆ కుర్చీలో నాన్నే మాకు వీపు పెట్టి కూర్చున్నట్టుంది. ఆ దిగులుకే అనుకుంటా, నా నోరు తెరుచుకుంది.

"ఎవరూ అవమానించలేదు పెదనాన్నా. మామయ్య నడిపిస్తాడని మీకు చెప్పమని అమ్మ నన్ను పంపింది. మీరు ఆ కోటుతో తలుపు తీశారు. చెప్పలేకపోయాను."

అక్క లేచి, కోటు తీసి నా భుజాల మీద వేసింది. "పెంట చేసింది ఇదే కాబట్టి రేపు నన్ను నడిపించేదీ ఇదే. మీరిద్దరూ ముందు వరసలో పక్కపక్కన కూర్చోవాలి."

"ఇదా? దీని నోట్లోంచి మాటే రాదు కదే!" అన్నారు పెదనాన్న, మామయ్య. ఆ రోజు ఇద్దరూ ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

మర్నాడు పట్టుచీర మీద నాన్న కోటు. చేతులు అందులో ఎక్కడో పోయాయి. చర్చి నిండా జనం, అన్ని కళ్లూ నా మీదే. పాస్టరుగారు అడిగారు: "ఈ వధువును ఇచ్చువారెవరు?"

రాత్రంతా బట్టీపట్టిన జవాబు ఎగిరిపోయింది.

"ఊఁ," అన్నాను.

ముందుగా పకపకా నవ్వింది ముందు వరసే.

కనుక పీఠం సాక్షిగా, జనరేటర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ఎవరికీ ఊఁ కొట్టను. కథ చెబుతున్నా సరే, కొట్టను.

ఆ ప్రమాణం సాయంత్రం దాకా నిలిచింది. కారెక్కబోతూ అక్క నా చేతుల కోసం ఆ కోటు చేతుల్లో వెతికి పట్టుకుంది. "ఇంక ఇంట్లో మీరిద్దరే. అమ్మను చూసుకుంటావు కదూ?"

నోరు తెరిచాను. గొంతులోంచి ఏమీ రాలేదు.

"సరేలే," అంది అక్క. "ఊఁ అను, చాలు."